వెయ్యి చిలుకలు, ఒక తక్కెడ

వినండర్రా పిల్లలూ. ఒకానొక దేశానికి ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ ఆజ్ఞలివ్వడం వచ్చు గానీ పని చెప్పడం రాదు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు కువలయ అనే రాజకుమారిని బంధించాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక, అచ్చం తనలాంటి వెయ్యి చిలుకల మధ్య ఒక గదిలో ఉంది. ప్రాణం మోస్తోంది కాబట్టి దానికి గురివింద గింజంత బరువెక్కువ. గదిలో ఒక తక్కెడ, కాపలాకి ఒక భూతం. మగవాడెవడు చెప్పినా భూతం చేస్తుంది. ఆడవాళ్ళ మాట వినొద్దని కరాళుడు నేర్పాడు, వాడి తెలివి అంత. మొదలుపెట్టిన పని మధ్యలో ఆపదు. చెప్పింది అర్థం కాకపోతే చెప్పినవాణ్ణి రాయిని చేస్తుంది.

ఆమెని విడిపించడానికి పెద్దవాడు వెళ్ళి, "తగినంత బరువున్న చిలుకని తే" అన్నాడు.

"తగినంత అంటే ఎంత?" అంది భూతం. రాయైపోయాడు.

రెండోవాడు వెళ్ళి, "రెండేసి తూచి తేలికదాన్ని వదిలెయ్" అన్నాడు. మొదటి రెండూ సమానంగా తూగాయి. వాడూ రాయైపోయాడు.

మూడోవాడు విక్రాంతుడు. గూడబాతు అనే పెద్ద పక్షి వీపెక్కి ఏడు సముద్రాలూ దాటి, ముందు కువలయ కిటికీ దగ్గర దిగాడు. అన్నలకి పట్టిన గతి ఆమె చెప్పింది. నాలుగు నిమ్మకాయలు అతని ముందు పెట్టింది.

"భూతానికి ఏం చెబుతావో ముందు వీటితో చేసి చూపించు."

"ఒకటి ఈ పళ్ళెంలో, ఇంకొకటి ఆ పళ్ళెంలో. తేలికది వదిలెయ్. సమానమైతే కొత్తది వదిలెయ్. మళ్ళీ ఇంకొకటి పెట్టు."

"కాయలు అయిపోయాయి. ఇంకొకటి ఎక్కణ్ణుంచి తెస్తుంది, మీ నాన్నగారింటి నుంచా?"

విక్రాంతుడు నాలుక కరుచుకున్నాడు. "గది ఖాళీ అయితే ఆగి, మిగిలింది నా చేతికివ్వు."

"అది అన్నిట్లోకీ బరువైనదేనని ఏమిటి నమ్మకం?"

"పళ్ళెంలో మిగిలినదానికన్నా బరువైనది ఎప్పుడూ ఎగిరిపోదు కదా."

"ఇప్పుడు వెళ్ళు."

భూతం తూచడం మొదలుపెట్టింది. ఒక్కో చిలుకా కిటికీలోంచి ఎగిరిపోతోంది. ఇంకా మూడు మిగిలి ఉండగా కరాళుడు ఊడిపడ్డాడు.

"భూతమా, వీణ్ణి రాయిని చెయ్యి!"

"గది ఖాళీ కాలేదు," అంది భూతం, తల తిప్పకుండా.

మూడు, రెండు, ఒకటి. ఆగింది. మిగిలిన చిలుకని విక్రాంతుడి చేతిలో పెట్టింది. అతను దాని మెడ నులమగానే కరాళుడు ప్రాణం పోయి కూలిపోయాడు. రాళ్ళైన అన్నలు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

పెళ్ళి జరిగింది. విందులో పులుసుకి ఉప్పెంతని వంటవాడు అడిగాడు.

"తగి..." అనబోయి విక్రాంతుడు కువలయ మొహం చూశాడు. "గంగాళానికి మూడు గుప్పెళ్ళు."

"ఎవరి గుప్పెడు?" అంది కువలయ.

ఆ ఇద్దరూ అలా అడుగుతూ, చెబుతూ, అరవై ఏళ్ళు రాజ్యమేలారు. అన్నేళ్ళలో ఒక్కరోజూ పులుసు ఉప్పు కాలేదు.