స్వస్తి చెప్పని సభ

ఒకానొక రాజ్యంలో చెరసాల లేదు. అంటే, ఉంది, దాని పేరు మాత్రం విశ్రాంతి మందిరం. మణిగిరిని ఏలే ప్రచండసేన మహారాజుకు చెర, కట్టడి, ఆంక్ష లాంటి మాటలు చెవిన పడితే ఒళ్ళు మండేది. అందుకని పేర్లు మార్చేశాడు. సంకెళ్ళు కంకణాలయ్యాయి. పేరు మారాక బరువేమైనా తగ్గిందా అని తొడుక్కున్నవాళ్ళను ఎవరూ అడగలేదు.

ఆ కొలువులో ఓబళయ్య అనే ముసలి హాస్యగాడు ఉండేవాడు. నవ్వించి నవ్వించి అలిసిపోయాడు పాపం. అతణ్ణి తల్లిలా పెంచిన అక్క సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఉంది. ఆమెకు చూపు మందగిస్తోందని, పూర్తిగా పోకముందే తమ్ముడి ముఖం ఒక్కసారి చూసుకోవాలని ఉందని కబురు మీద కబురు వస్తోంది. ఓబళయ్య సెలవు అడిగినప్పుడల్లా రాజు భుజం తట్టి, "నిన్ను విడిచి ఉండలేనయ్యా! ఇది నా అభిమానం" అనేవాడు. ఆ అభిమానం సంగతి కోటగుమ్మం దగ్గర భటులకూ చెప్పి ఉంచాడు.

ఒకనాడు కేదారశర్మ అనే పండితుడు సభకు వచ్చాడు. ఆయన నిఘంటువు రాస్తున్నాడు.

"ప్రభూ, హద్దు, కట్టుబాటు, ఆంక్ష పూర్తయ్యాయి. ఇప్పుడు 'నిర్బంధం' దగ్గర ఆగాను. తమ దేశంలో దాని వాడుక ఏమిటో సెలవివ్వాలి."

"కొట్టెయ్యండి. నా రాజ్యంలో లేనిదానికి మాటెందుకు? ఏమంటావు ఓబళయ్యా?"

సభంతా నవ్వడానికి సిద్ధమై అతనివైపు తిరిగింది. ఓబళయ్యకు ఆ పూట నవ్వించే ఓపిక లేదు.

"హద్దు ఎంతవరకు నడవవచ్చో చెబుతుంది ప్రభూ. కట్టుబాటు మనకై మనం ఒప్పుకున్నది. ఆంక్ష ఇంకొకరు పెట్టేది, దాని మీద కోపమైనా తెచ్చుకోవచ్చు. నిర్బంధాన్ని మాటల్లో చెప్పడం నాకు చేతకాదు" అన్నాడు.

రాజు మీసం దువ్వుకున్నాడు.

మధ్యాహ్నమైంది. ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. వయసులో అందరిలోకీ పెద్దవాడు "స్వస్తి" అంటేనే సభ ముగిసినట్టు. ఆ మాట పడకముందు రాజైనా లేవకూడదు. లేస్తే వంశానికి అరిష్టమని తాతల నాటి నమ్మకం. ప్రచండసేనుడికి ఆ ఆచారమంటే ప్రాణం. కిందటేడు దగ్గు ఆపుకోలేక ముందే లేచిన సేనాపతిని నెల్లాళ్ళు విశ్రాంతికి పంపాడు. సభలో అందరిలోకీ పెద్దవాడు ఓబళయ్యే.

"ఊఁ, ఇక కానియ్యి" అన్నాడు రాజు.

"ఎలా కానిచ్చేది ప్రభూ? ఆ మాట అంటే తమరు లేచి వెళ్ళిపోతారు. తమరిని విడిచి ఉండలేను."

సభ గొల్లుమంది. రాజూ నవ్వాడు. అసలే వేసవి, పొద్దుటి నుంచి ఆయన చెంబులకు చెంబులు మజ్జిగ తాగి ఉన్నాడు. కాసేపటికి నవ్వడం మానేశాడు. ఇంకాసేపటికి సింహాసనం మీద అటూ ఇటూ జరిగాడు. ఆ తర్వాత కాళ్ళు రెండూ గట్టిగా బిగించుకుని కూర్చున్నాడు.

"వేళాకోళం చాలు ఓబళయ్యా!"

"వేళాకోళం కాదు ప్రభూ, అభిమానం. ఇక్కడ తమరికేం తక్కువ? మెత్తని ఆసనం, చామరాల గాలి, చుట్టూ ప్రేమించే మనుషులు. ఇంకో చెంబు మజ్జిగ తెప్పించమంటారా?"

"వద్దు!" రాజు నుదుట చెమట పట్టింది. "ఏం తక్కువంటావేమిటయ్యా? వెళ్ళనివ్వడమే తక్కువ! దీన్ని అభిమానం అంటారా? ఇది శుద్ధ నిర్బంధం!"

ఎవరూ నవ్వలేదు. ఓబళయ్య మాట్లాడినప్పుడు గొంతులో చమత్కారం కూడా లేదు, అలసటే ఉంది.

"రాసుకోండి శర్మగారూ. వాడుక ప్రభువులవారే సెలవిచ్చారు" అని రాజు వైపు తిరిగాడు. "మా అక్క చూపు పోతోంది ప్రభూ. స్వస్తి."

రాజు పరుగున వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుతూ వచ్చాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా! సెలవు లేదన్నప్పుడల్లా నీకూ ఇలాగే ఉండేదా?"

"ఇంచుమించు ఇలాగే ప్రభూ. కాకపోతే పరుగెత్తడానికి నాకు దారి లేదు."

రాజు నవ్వు సగంలో ఆగిపోయింది. తన ఒంటి మీది శాలువా తీసి ముసలాయనకు కప్పాడు. పల్లకీ తెప్పించాడు. "గౌరవార్థం భటులు నీ వెంట వస్తారు. మళ్ళీ భద్రంగా వాళ్ళే తీసుకొస్తారు" అన్నాడు.

ఓబళయ్య శాలువా సర్దుకున్నాడు. "ఆ భటులను శర్మగారు ఏ మాట కింద రాసుకోవాలి ప్రభూ?"

రాజు పకపకా నవ్వి, చేయి ఊపి భటులను వెనక్కి పంపేశాడు. "నీకు రావాలనిపిస్తే రా" అన్నాడు. అలా అనడం ఆయనకు అలవాటు లేదు. నోరు తిరగడానికి కొంచెం కష్టపడ్డాడు.

కోటగుమ్మం దాటాక బోయీలు ఎంత వేగంగా పోవాలని అడిగారు.

"మా అక్కకు నేనింకా కనబడేటంత వేగంగా పోనివ్వండి నాయనా" అన్నాడు ఓబళయ్య.