గువ్వలకోన తొమ్మిది పీటల ధర్మలింగేశ్వరుడు

గువ్వలకోన గుట్టపై ధర్మలింగేశ్వరస్వామి ఎదుట, ఆరుబయట తొమ్మిది రాతిపీటలు వరుసగా ఉన్నాయి. వ్యాజ్యాలతో నలిగినవారు ముందు ఈ పీటలకు ప్రదక్షిణ చేసి, తర్వాతే స్వామి దర్శనానికి వెళ్తారు. ఫొటోల కోసం వీటిపై కూర్చోవద్దని దేవస్థానం ఎంత మొత్తుకున్నా వినేవారు తక్కువ.

పూర్వం ఇక్కడ ఈ సీమకంతటికీ ఆఖరి తీర్పు చెప్పే పెద్ద ధర్మాసనం కొలువుండేది. మొదట పీటలు మూడే. ఊళ్లు పెరిగి, తగాదాలు పెరగడంతో పెద్దలందరూ ఆలోచించి ఐదు చేశారు. కాబట్టి అంకెలో మహిమేమీ లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే.

ఆ రోజుల్లో తిప్పభూపతి అనే పాలకుడు గొర్రెల కాపరుల మేతకొండను తన గుర్రాల కోసం లాక్కున్నాడు. కాపరుల తరఫున కాటమ్మ అనే ఆమె ధర్మాసనాన్ని ఆశ్రయించింది. ముగ్గురు ఆమె పక్షాన, ఇద్దరు పాలకుని పక్షాన తీర్పు చెప్పారు. భూపతి మళ్లీ విచారించమన్నాడు. అని ఊరుకున్నాడా? కొత్తగా నాలుగు పీటలు చెక్కించి, వాటిపై కూర్చోబెట్టడానికి తన కొలువులోని నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. స్వామి కలలో కనిపించి పీటలు పెంచమన్నారట! ఎంత సిగ్గుమాలిన మాట! స్వామివారు కలలో ఎందరికో కనిపించారు గానీ, ఓడిన వ్యాజ్యం గెలిపించడానికి కనిపించారని మేమెక్కడా వినలేదు.

అయితే తగాదాలు పేరుకుపోయిన మాట నిజమే. తీర్పు కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవారు పీటలు పెంచితే మంచిదే కదా అన్నారు. అప్పుడు కాటమ్మ భూపతిని నిలదీసింది.

"పెంచు దొరా, నేను వద్దంటినా? నా తగువు తెగినాక పెంచు. నా గొర్రెలు మేత లేక సస్తాండాయి. నీకు ఇప్పుడే కల వచ్చెనా?"

భూపతి పక్షాన తీర్పు చెప్పిన నాగదేవయ్య అనే పెద్ద అంతట లేచాడు. "దొరా, కొండ నీదేనని నేను చెప్పినా. ఇప్పుటికీ అదే చెప్తా. కానీ ఓడినోడల్లా పీటలు పెంచుకుంటా పోతే, రేపు నా మాటకు గూడా ఇలువ ఉండదు" అన్నాడు.

ఐదుగురూ ఏకమై స్వామి సాక్షిగా కట్టడి చేశారు. పీటలు ఎవరైనా వేయవచ్చు, కానీ వేసినవాడు బతికి ఉన్నంతకాలం వాటిపై ఎవరూ కూర్చోరాదు. భూపతి తెచ్చిన నలుగురూ జనం వంక చూసి, కూర్చునే ధైర్యం లేక గుట్ట దిగిపోయారు. మేతకొండ కాపరులకే దక్కింది. భూపతి గతించాకే ఆ పీటలు నిండాయి. అప్పటి నుంచి తగాదాలు త్వరగానే తేలసాగాయి.

నేటికీ శివరాత్రి మరునాడు చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు ఈ పీటలపై కూర్చుని తగాదాలు తీరుస్తారు. ఆమధ్య తన క్వారీ తగాదా విచారణలో ఉండగానే ఒక కాంట్రాక్టరు గారు నున్నటి గ్రానైటు పీటలు రెండు విరాళమిచ్చారు. కట్టడి ప్రకారం అవి ఈ తొమ్మిదింటి లెక్కలో చేరక, పక్కన ఖాళీగా ఉన్నాయి. దాత గారికి స్వామివారు నిండు నూరేళ్ల ఆయుష్షు ప్రసాదించాలని ఊరందరి పేరిట ప్రతి సోమవారం అర్చన జరుగుతోంది. భక్తులు కూడా పాల్గొని, ఆయన దీర్ఘాయుష్షు కోసం మనసారా ప్రార్థించవలసిందిగా మనవి.