సింగారి కేసు పట్టిన ఉడుము ప్లీడరమ్మ

అనగనగా, అనగనగనగా, మద్దిచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవిలో సింగారి అనే గోరువంక ఉండేది. దాని మొగుడి పేరు గవరయ్య. వాళ్ళకి చంటి, బుల్లి అని ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ ఇంకా రెక్కలు రాలేదు.

గోరువంకల సంగతి మీకు తెలుసుగా? విన్న మాటని విన్న గొంతుతోనే అప్పజెబుతాయి! సింగారికీ గవరయ్యకీ మాత్రం పొద్దున లేస్తే పోట్లాటే. పుల్ల అటు పెడితే తగువు, ఇటు పెడితే తగువు. ఉప్పూ నిప్పూ అనుకోండి. చివరికి గవరయ్య పక్క చెట్టుకి వెళ్ళిపోయాడు. విడాకులకి ఇద్దరూ సరేనన్నారు. మరి పిల్లలు ఎవరి దగ్గరుండాలి?

"నా పిల్లలు నాకే కావాలి! ఆయన కంట పడనివ్వను!" అంది సింగారి. అందే కానీ, పిల్లలు దూరమైపోతారేమోనని దానికి తిండి సయించలేదు.

ముందు కాకి ప్లీడరు దగ్గరికెళ్ళింది. సింగారి నోరు తెరవకముందే కాకి, "చెల్లెమ్మా, నీ మొగుడి ఈకలన్నీ పీకించేస్తాను చూడు!" అని అరిచింది. పిల్లల పేర్లయినా అడగలేదు.

తర్వాత పిల్లల్ని వీపున ఎక్కించుకుని నక్క ప్లీడరు దగ్గరికెళ్ళింది. "తల్లీ, మీ పిల్లలు ఏది నేర్పితే అది పలుకుతారు కదా? 'నాన్న చెడ్డవాడు, నాన్న మాకొద్దు' అని నేర్పించు. జడ్జిగారి ముందు పలికిస్తే కేసు మనదే!" అంది నక్క. అంటూ పిల్లల వైపు చూసి మూతి నాక్కుంది. సింగారి పిల్లల్ని గబుక్కున వెనక్కి లాక్కుని అక్కణ్ణుంచి వచ్చేసింది. కానీ చూశారా, సలహా మాత్రం నచ్చింది! ఇంటికొచ్చి పిల్లలకి ఆ మాటే నేర్పింది.

మూడోసారి, మళ్ళీ పిల్లల్ని వీపున ఎక్కించుకుని వెళ్ళింది ఉడుము ప్లీడరు వజ్రమ్మ దగ్గరికి. వజ్రమ్మ పుట్ట పక్కన కూర్చుని ఓపిగ్గా విన్నది. సింగారి ఏడిస్తే ఏడవనిచ్చింది. తిడితే తిట్టనిచ్చింది. అంతా అయ్యాక, "మీ ఆయనలో మంచి ఒక్కటి చెప్పమ్మాయ్. అది వినందే నేను ఏ కేసూ పట్టను," అంది.

"మంచా? ఆయనలోనా? కావాలంటే నా పిల్లల్నే అడగండి!"

పిల్లలు గడగడా అప్పజెప్పారు. "నాన్న చెడ్డవాడు, నాన్న మాకొద్దు." చివర్లో ఒక వెక్కు కూడా పెట్టారు.

వజ్రమ్మ నవ్వలేదు. "గొంతు నీది. ఏడుపు వెక్కు కూడా నీదే. ఈ మాట నేను కోర్టులో పలికించను," అంది.

"అయితే మీరు నాకెందుకు?" అని సింగారి రుసరుసలాడుతూ ఇంటికొచ్చేసింది.

గూట్లో బుల్లిగాడు మెల్లిగా అడిగాడు, "అమ్మా, నాన్న చెడ్డవాడైతే, నేను నాన్న కొడుకుని కదా. నేనూ చెడ్డవాణ్ణేనా?"

అయ్యో! సింగారి గుండె చెరువైపోయింది. పరుగున వజ్రమ్మ దగ్గరికి వెళ్ళింది. "తప్పు చేశానండీ. పిల్లలు దూరమవుతారన్న భయంతో చేశాను. ఆయన పిల్లల్ని బాగా చూసుకుంటాడండీ. అదీ నిజమే."

వజ్రమ్మ ఒక్కమాట దెప్పలేదు. "ఇక కేసు నాది. ఆ భయమూ, ఆ తప్పూ రేపు కోర్టులో నువ్వే ముందు చెప్పు," అంది.

"చెబితే పిల్లలు నాకు దక్కకుండా పోరూ?"

"పోవచ్చు. పోకుండా నా శక్తి కొద్దీ పోరాడతాను. అబద్ధం మాత్రం ఆడను. నువ్వు నిలబడగలవా?"

"నిలబడతాను," అంది సింగారి.

మర్నాడు కోర్టు. అడవిదున్న జడ్జిగారు కూర్చున్నారు. గవరయ్య తరఫున వచ్చిందెవరనుకున్నారు? ఆ నక్కే! పిల్లలకి ఏం నేర్పారో బయటపెట్టి సింగారిని ముంచేద్దామని ఇకిలిస్తూ లేచింది.

సింగారి ముందుకొచ్చింది. వజ్రమ్మ పక్కనే వచ్చి నిలబడింది. అంతే, సింగారి గబగబా చెప్పేసింది. "అయ్యా, పిల్లలకి తండ్రి మీద చెడ్డమాట నేర్పింది నేనే. అది అబద్ధం. ముసురు పట్టినప్పుడు ఆయన తాను పస్తుండి పిల్లలకి మిడతలు తెచ్చాడు. మా ఇద్దరికే పడదు. పిల్లలకి ఆయన కావాలి, నేనూ కావాలి."

ఇక బయటపెట్టడానికి నక్కకి ఏమీ మిగల్లేదు. తల్లికి పిల్లలు దక్కకుండా చేద్దామని వచ్చిన గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "అయ్యా, పిల్లలు తల్లి దగ్గరే ఉండనివ్వండి. రోజూ చూసుకోనిస్తే నాకదే చాలు," అన్నాడు. రెక్క పట్టి నక్క వెనక్కి లాగినా ఆగలేదు.

అప్పుడు వజ్రమ్మ లేచింది. "గూడు తల్లిది. పొద్దున మేత, ఎగరడం నేర్పడం తండ్రివి. పోట్లాడాలనిపిస్తే ఇద్దరూ వాగు అవతలికి వెళ్ళి పోట్లాడుకోవాలి. పిల్లల చెవిన పడకూడదు," అంది. జడ్జిగారు కొమ్ములూపి, "భేష్! అలాగే కానివ్వండి," అన్నారు.

ఇంటికొస్తుంటే బుల్లిగాడు అడిగాడు, "అమ్మా, ఎవరు గెలిచారు?"

"మీ నాన్న ఓడిపోలేదు. నేనూ ఓడిపోలేదు కన్నా. అదే మన ప్లీడరమ్మ గెలుపు!" అంది సింగారి.

నీతి: పంతం నెగ్గిస్తానన్న వాళ్ళ వెంట పోకండి. పిల్లల మేలు కోరి మన తప్పు మనకే చెప్పే వాళ్ళ మాట వినండి.