మూడు గాడిదల నింద

ఖొరాసాను వైపు ఒక పట్నంలో మలామతీలనే సూఫీలుండేవారు. చేసిన మంచిని దాచుకోవాలి, ఎవరు నిందించినా ఎదురు చెప్పకుండా భరించాలి, అదీ వాళ్ల మార్గం. కొత్వాలు తాహిర్ బేగ్‌కి అందులో రెండో సగం మాత్రం తెగ నచ్చి, ఆ మార్గంలో చేరిపోయాడు.

నీళ్లు మోసి బతికే సఫూరా గాడిదని ఆయన భటులు ఆయన తోటపనికి తోలుకుపోయారు. అడగడానికి వెళితే కొత్వాలు కళ్లు అరమోడ్చి, "తిట్టు తల్లీ, నోరారా తిట్టు. నింద పడటమే మాకు సాధన. నేను మారు పలకను," అన్నాడు.

గాడిద లేకపోతే రేపటినుంచి తోలుతిత్తులు మొయ్యాల్సింది ఆమె వీపే. అయినా సఫూరా అరవలేదు. తిన్నగా ఖాజీ దగ్గరికి వెళ్లి కొత్వాలుని పిలిపించింది. ఆయన తల వంచుకుని, మహా వినయంగా వచ్చి నిలబడ్డాడు.

"హుజూర్, ఈయన నా నాలుగు గాడిదల్ని కాజేశారు," అంది సఫూరా.

వంచిన తల చటుక్కున పైకి లేచింది.

"కాదంటారా?" అని ఖాజీ కొత్వాలుని అడిగాడు.

"ఎలా అంటారు హుజూర్? ఎదురు చెబితే ఆయన సాధన చెడిపోదూ? నాలుగూ ఇప్పించేయండి," అంది సఫూరా.

"నాలుగెక్కడివే! తోలుకొచ్చింది ఒక్కటే, అదీ కుంటిది!" అని కొత్వాలు గావుకేక పెట్టాడు.

ఖాజీ నవ్వాపుకుంటూ అప్పటికప్పుడే గాడిదని తెప్పించాడు.

సఫూరా తాడు అందుకుని, "మిగతా మూడు గాడిదల నింద మీరే ఉంచుకోండి, కొత్వాలుగారూ," అంది. "తప్పు చెయ్యకుండా మీరు పడ్డ నింద ఇన్నాళ్లకి అదొక్కటే. సాధనకి పనికొస్తుంది."