కొత్త క్లచ్ ప్లేటుకి తలంటు

మెట్ట మీద ముగ్గురన్నదమ్ముల ఇల్లు ఎక్కడని అడిగితే, తెలివి పొంగి పొర్లే ఇల్లు ఏదో అదేనని వాళ్ళే చెబుతారు. పెద్దవాడు సన్యాసయ్య, నడిపివాడు పైడయ్య, చిన్నవాడు గవిరి. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చెయ్యడం, అందులో సొంత ఆలోచన చిటికెడు కూడా కలపకపోవడం. లోకంలో ఇంతకు మించిన తెలివేముంటుందని సన్యాసయ్య నమ్మకం.

వాళ్ళకో చిన్న ట్రాలీ బండి ఉంది. గుమ్మడికాయలు సంతకి తోలతారు. అది మెట్ట ఎక్కలేక సగంలో ఆగినప్పుడల్లా ముగ్గురూ లోపలే కూర్చుని బలంగా ముందుకు వంగేవాళ్ళు. దిగి తోసేది మాత్రం సన్యాసయ్య పెళ్ళాం బంగారమ్మ. ఓ రోజు సరిగ్గా ఆమె అన్నగారింటి ముందే ఆగింది. అంతే, బంగారమ్మ కొంగు దులుపుకుంది.

"ఏమయ్యా, ఈ బండి ఎక్కడా ఆగకుండా మెట్ట పైదాకా ఎక్కిన రోజున నేనూ పైకొస్తాను. అందాకా మీ వంట మీరే చేసుకోండి" అని అన్నగారింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంకేముంది, ఆ పూట ముగ్గురూ బియ్యం నమిలి నీళ్ళు తాగారు. సన్యాసయ్యకి పచ్చి బియ్యం కన్నా, "ఇంకాస్త పెట్టనా" అనే గొంతు లేకపోవడం ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు బండిని కిందికి దొర్లించుకుంటూ కాసులు మేస్త్రీ షెడ్డుకి చేర్చారు. మేస్త్రీ అరిగిపోయిన క్లచ్ ప్లేటు తీసి కొత్తది వేశాడు. "ఇంజను బలం చక్రాలకి అందించేది ఇదేనయ్యా. క్లచ్ మీంచి కాలు టక్కున తీసెయ్యకు" అన్నాడు.

సన్యాసయ్య టక్కున తియ్యలేదు. అసలు తియ్యనేలేదు. సంతకి పోతున్నా, గుమ్మడికాయలు దించుతున్నా ఎడమకాలు క్లచ్ మీదే. టీ కూడా గవిరి కిటికీలోంచి అందించాడు. దారి పొడుగునా మాడు వాసన.

"ఎవరింట్లోనో పులుసు మాడిందన్నయ్యా" అన్నాడు పైడయ్య.

"ఊరూరా మాడుతోందిరా. ఆడవాళ్ళందరూ పుట్టిళ్ళకి పోయినట్టున్నారు."

తిరిగొచ్చేసరికి మెట్ట మొదట్లోనే బండి చతికిలబడింది. మేస్త్రీ విప్పి చూస్తే కొత్త ప్లేటు కాస్తా బొగ్గు.

"ఇంత తొందరగా పోయిందంటే ఇది ప్లేటు తప్పు కాదు. కాలు దాని మీదే ఉంచావా?"

"టక్కున తియ్యొద్దన్నారుగా."

మేస్త్రీ ఆ బొగ్గుముక్కని పక్కకి విసిరేశాడు. "మెల్లగా తియ్యమన్నాను నాయనా. గేరు మార్చేటప్పుడు తప్ప కాలు దాని మీద ఉండకూడదు. ఇంకోటి వేస్తున్నాను. దీన్ని కొత్త కోడల్లా చూసుకో."

అంతే, ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. ఇంట్లో ఆడదిక్కు లేని సమయానికి కోడలొచ్చింది మరి. మెట్ట మొదట్లో చింతతోపులో బండి నిలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు.

"ఇవాళ శుక్రవారం. పిల్లకి తలంటొద్దూ" అని పైడయ్య బండి కిందికి దూరాడు. క్లచ్ దగ్గరుండే రబ్బరు మూత ఊడదీసి, చెంబుడు నువ్వులనూనె లోపలికి పోశాడు.

"సున్నిపిండో" అన్నాడు గవిరి.

"అది వదిన ఎక్కడ పెట్టిందో ఏమో. ఈ వారానికి నూనెతో సరిపెడదాం."

ఇంకేముంది, గేరు వేస్తే ఇంజను గీపెడుతోంది గానీ చక్రాలు కదలవు.

"కోడలు అలిగింది. వదిన్ని చూసి నేర్చుకుంది" అన్నాడు గవిరి.

సన్యాసయ్య బండి పక్కన చతికిలబడి బతిమాలాడు. "అమ్మా, మీ అత్తయ్యని తీసుకొచ్చేదాకానైనా కాస్త కదులు తల్లీ."

కోడలు కదల్లేదు. పైడయ్య ఇంజను ఇంకా రేపాడు. నూనె కాగి, తోపంతా గారెలు వేస్తున్న వాసన. ఆకలి మీదున్నారేమో, ముగ్గురూ విస్తళ్ళు పరుచుకుని బండి పక్కన కూర్చున్నారు. గారెలు రాలేదు. పొగొచ్చింది.

మేస్త్రీ మళ్ళీ విప్పాడు. నూనె ఓడుతున్న ప్లేటు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ఇది పొడిగా ఉంటేనే పట్టు దొరుకుతుందయ్యా. చేతులకి నూనె రాసుకుని గుమ్మడికాయ ఎత్తి చూడు, జారిపోదూ?"

సన్యాసయ్య చేతులు చాపి నూనె అడిగాడు. మేస్త్రీ సీసా దాచేశాడు.

ఈసారి లోపలంతా కడిగి, ఆరబెట్టి, మరో ప్లేటు బిగించి, మేస్త్రీ తనే పక్కన కూర్చుని నేర్పాడు. "నొక్కు. గేరు వెయ్యి. మెల్లగా వదులు. కాలు పక్కన పెట్టు." పాపం, సన్యాసయ్య చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి కదా, నేర్చేసుకున్నాడు.

మేస్త్రీని షెడ్డు దగ్గర దించేసి ముగ్గురూ బయల్దేరారు. బండి మెట్ట ఎక్కుతోంది. జారడం లేదు, మాడడం లేదు. ఆ చప్పుడు విని, అన్నగారింట్లో పులుసు కలుపుతున్న బంగారమ్మ గరిటెతో సహా రోడ్డు మీదికొచ్చింది. చంకలో బట్టల మూట. మొహం విప్పారింది. సన్యాసయ్య గుండె గుమ్మడికాయంతయింది.

"ఆపయ్యా" అంది నవ్వుతూ.

అతని కాలు బ్రేకు వైపు కదిలింది. పైడయ్య గబుక్కున ఆ మోకాలు పట్టేసుకున్నాడు. "వదిన పరీక్ష పెడుతోందన్నయ్యా. ఎక్కడా ఆగకుండా అంది, మర్చిపోయావా?"

"నిజమేరా, ఎంత తెలివైందో" అని సన్యాసయ్య ఒంటిచేత్తో పెళ్ళానికి దండం పెట్టి, బండిని ఆమె ముందునుంచే పోనిచ్చాడు.

మెట్ట పైన ఇంటి ముందు ఆపి వెనక్కి చూశాడు. బంగారమ్మ కుచ్చిళ్ళు ఎగ్గట్టి, గరిటె పైకెత్తి, మెట్ట మీదికి పరుగెత్తుకొస్తోంది.

"చూశార్రా, అన్న మాట తప్పే మనిషి కాదు. పైకొచ్చేస్తోంది" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"గరిటె కూడా తెచ్చుకుందన్నయ్యా. రావడం రావడమే వంటలా ఉంది" అన్నాడు గవిరి.

అంతే, ముగ్గురూ విస్తళ్ళు పరుచుకుని, బుద్ధిగా తలలు వంచి, వరసగా కూర్చున్నారు.