రాజుగారి పరంగీ భాష

కొలనుగిరి రాజు చెన్నభూపాలుడికి ఉన్నట్టుండి పరంగీ భాష మీద మనసు పోయింది. కారణం పెద్దదేం కాదు. పక్క రాజ్యపు రాజుగారి దగ్గర ఒక చిలక ఉందట, అది పరంగీ దొరలను వాళ్ళ భాషలోనే పలకరిస్తుందట. ఆ కబురు చెవిన పడ్డప్పటినుంచీ మన రాజుగారికి అన్నం సహించలేదు.

“చిలకకు వచ్చిన భాష నాకు రాదా?” అన్నారు నిండు సభలో.

రాదని చెప్పే మొనగాడు ఎవడుంటాడు? భాషాభయంకర పేరిశాస్త్రి మాత్రం, నేను నేర్పుతానంటూ చప్పున లేచాడు. ఆ బిరుదు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పెట్టుకున్నాడు. తనకు పద్దెనిమిది భాషలు వచ్చని చెప్పుకుంటాడు. వాటిలో తెలుగూ సంస్కృతమూ తప్ప మిగతావి కొలనుగిరిలో ఎవరికీ రావు కనక ఆయనకు ఢోకా లేదు.

అలా మొదలైంది చదువు. పొద్దున్నే తలుపులు వేసుకుని గురువూ శిష్యుడూ ఒకటే కేకలు.

“లంబో ఝంబో ఖుర్రు. అంటే, దయచేయండి అని, ప్రభూ.”

వానలు వెనకబట్టేసరికి రాజుగారు వంటవాణ్ణి కూడా ఆ భాషలోనే తిట్టడం మొదలుపెట్టారు. వాడు మెప్పనుకుని కూరలో ఇంకాస్త ఉప్పు వేశాడు. రాజుగారు మురిసిపోయి, మహాపండితుల కాలికి తొడిగే గండపెండేరాన్ని పేరిశాస్త్రి కాలికి తొడిగారు.

సభలో హాస్యగాడు కోనప్పకు ఆ గండపెండేరం చప్పుడు వింటే ఒళ్ళు మండేది. అయినా నోరు మెదపలేదు. రాజుగారు ముచ్చటపడి నేర్చుకున్న భాషను దొంగదంటే తల మిగలదు.

ఇంతలో నిజం పరంగీవాడే వచ్చి పడ్డాడు. గుర్రాల వర్తకుడు. మాటలు మార్చి చెప్పడానికి వెంట తెచ్చుకున్న దుబాసీ రేవులో జ్వరంతో మంచం పడితే, పాపం ఒంటరిగా వచ్చాడు. అతన్ని కోట వాకిలి నుంచి సభకు తోడుకొచ్చే పని కోనప్పది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా దారి పొడుగునా చేతులు తిప్పుకుంటూ ఎండ గురించీ, మన కూరల కారం గురించీ, ఇంటి దగ్గరున్న అతని పిల్లల గురించీ బోలెడు కబుర్లాడుకున్నారు. మనిషి మంచివాడని కోనప్పకు తోచింది.

సభలో మెత్తటి పరుపు మీద అతన్ని కూర్చోబెట్టారు. రాజుగారు గొంతు సవరించుకుని, “లంబో ఝంబో ఖుర్రు,” అన్నారు.

వర్తకుడు చిరునవ్వు నవ్వి తల వంచాడు.

రాజుగారు ఇంకాస్త గట్టిగా అన్నారు. అతను ఇంకాస్త కిందికి వంచాడు. మళ్ళీ అన్నారు. ఈసారి అతను అయోమయంగా అటూ ఇటూ చూశాడు. రాజుగారి మొహం కందగడ్డయింది.

“అర్థం కానట్టు నటిస్తున్నాడు ప్రభూ,” అని పేరిశాస్త్రి చెవిలో ఊదాడు. “తమ ఉచ్చారణను వెక్కిరిస్తున్నాడు.”

“వీణ్ణి చెరలో వెయ్యండి. వీడి గుర్రాలన్నీ మన సాలకు తోలండి.”

భటులు వచ్చి రెక్కలు పట్టుకుని లేపారు. తను చేసిన తప్పేమిటో తెలియక వర్తకుడు కోనప్ప వైపు చూశాడు. కోనప్ప మనసు చివుక్కుమంది. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఆ పిల్లల ఉసురు తగలదా అనుకుని ముందుకొచ్చాడు.

“ప్రభూ, ఒక్క మనవి. తమది రాజుల ఉచ్చారణ, గుర్రాలవాడికి అంది ఉండదు. వాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టి, శాస్త్రిగారి చేత ఒక్క మాట చెప్పించండి.”

“ఏం మాట?”

“నీ పరుపు కింద తేలుంది, అని.”

రాజుగారు సరేనన్నారు, భటులు వర్తకుణ్ణి మళ్ళీ పరుపు మీద కూర్చోబెట్టారు. తేలుకు పేరిశాస్త్రి ఇంకా మాట తయారు చేసుకోలేదు. అయినా అంతమందిలో నీళ్ళు నమిలితే పరువు పోతుంది. చెయ్యి గాలిలో ఊపుతూ, “ఘుంఘుం తబరి చిప్పం బో,” అన్నాడు.

వర్తకుడు హమ్మయ్య అనుకున్నాడు కాబోలు, నవ్వి, కాళ్ళు చాపుకుని తీరుబడిగా కూర్చున్నాడు.

“చూశారా ప్రభూ, ఆ పొగరు,” అన్నాడు పేరిశాస్త్రి. “పరంగీలకు తేలంటే లెక్కలేదు. వాళ్ళ పిల్లలు తేళ్ళతోనే ఆడుకుంటారు.”

“ఎంత గుండెనిబ్బరం,” అన్నాడు కోనప్ప. వర్తకుడి ఎదుట చతికిలబడి, పెదవి కదపకుండా పరుపు కిందికి వేలు చూపించాడు. తర్వాత కుడిచేతిని నేల మీద పాకించాడు. దాని మీద ఎడమచేతి వేలును కొండిలా వంచి, ఒక్క పోటు పొడిచాడు.

వర్తకుడు కెవ్వుమని ఎగిరాడు. ఎగురుతూ సభ అదిరేలా ఒక మాట అరిచాడు. వచ్చి పడింది పేరిశాస్త్రి ఒళ్ళో.

రాజుగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు.

“శాస్త్రి చెబితే కాళ్ళు చాపాడు, నువ్వు చేతులాడిస్తే ఎగిరాడు. కోనప్పా, అయితే ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నది భాష కాదా?”

కాదంటే రాజుగారిని వెర్రివాడన్నట్టు. అవునంటే వర్తకుడు చెరసాలకు పోయినట్టు. కోనప్ప చేతులు కట్టుకున్నాడు.

“నిఖార్సయిన భాషే ప్రభూ. దాన్ని మాట్లాడే దేశమే ఇంకా పుట్టలేదు.”

ముందు రాజుగారి మీసం కదిలింది, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన సభంతా ఘొల్లుమంది. ఎందుకో తెలియకపోయినా వర్తకుడూ నవ్వాడు, శాస్త్రి ఒళ్ళోంచి దిగకుండానే.

“అయితే ఆ దేశానికి మన రాయబారి పేరిశాస్త్రిగారే,” అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. “ఈ పూటే బయల్దేరండి. దేశం దొరికేదాకా రావద్దు. గండపెండేరం మాత్రం ఇక్కడ విప్పి వెళ్ళండి.”

అది కోనప్ప కాలికి ఎక్కింది. వర్తకుడికి పట్టుశాలువా కప్పారు.

అంతా అయ్యాక రాజుగారు సింహాసనం మీంచి ముందుకు వంగారు. “ఇంతకీ వాడు ఎగిరేటప్పుడు అరిచాడే, అది మాత్రం అసలు సిసలు పరంగీ మాటే కదా. ఆ చిలక్కి కూడా వచ్చి ఉండదు,” అని ఆ మాటను తీరిగ్గా పలికి చూసుకున్నారు. “దీని అర్థమేమిటి?”

కోనప్ప వర్తకుడి వైపు చూశాడు. వర్తకుడు చెవుల దాకా ఎర్రబడి శాలువాలో మొహం దాచుకున్నాడు.

“అర్థం నాకూ తెలియదు ప్రభూ. రాణిగారి ముందు మాత్రం అనకండి.”