పుల్లమ్మ పట్టని సందు

అనగనగా, ఎండాకాలం వస్తోందంటేనే గుండెలు దడదడలాడే అడవి ఒకటి ఉండేది. దానికి మూడు వైపులా నిట్టనిలువు రాతిగుట్టలు. నాలుగో వైపు ఎండుగడ్డి మైదానం. కార్చిచ్చు వస్తే ఆ గడ్డి వైపు నుంచే వచ్చేది. కోతులూ ఎలుగుబంట్లూ గుట్టలెక్కి ఎలాగో బయటపడేవి. ఎక్కలేని జంతువులకు మాత్రం ఒకటే దారి, గుట్ట అడుగున ఉన్న ఒక చీలిక. దాన్ని అందరూ ఇరుకుసందు అనేవారు. ఆ సందు దాటితే వాగు, తడి ఇసుక. మంట అక్కడికి రాదు.

ఆ అడవిలో ఒక ముళ్లపంది ఉండేది. పేరు పుల్లమ్మ. పుట్టినప్పుడు పుల్లలాగా ఉందని వాళ్లమ్మ ముద్దుగా ఆ పేరు పెట్టుకుంది. ఇప్పుడు పేరుకే పుల్లమ్మ, చూస్తే గుమ్మడికాయ. ఆ ఏడాది వానలకు అడవి అంచున ఎవరో వదిలేసిన చేనులో చిలగడదుంపలు తెగ ఊరాయి. పుల్లమ్మ రోజూ పోయి పొట్ట పగిలేలా తినేది. వానలు వెళ్లి చలి వచ్చేసరికి బాగా ఒళ్లు చేసింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కిందికి చూస్తే తన కాళ్లు తనకే కనబడవు. అయినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఒకరోజు వాగులో నీళ్లు తాగుదామని ఇరుకుసందులోకి దూరింది. తల పట్టింది. మెడ దగ్గర ఇరుక్కుపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. పొద్దున దూరిన తలను బయటికి లాక్కునేసరికి మధ్యాహ్నం అయింది.

అలా ఇరుక్కున్నప్పుడు దానికి పోయిన వేసవి గుర్తొచ్చింది. అప్పుడు మంటలొస్తే ఒక అడవిపంది ఇదే సందులో దూరబోయింది. పట్టలేదు. ఆ తరువాత ఆ అడవిపంది ఊసు అడవిలో ఎవరూ ఎత్తలేదు.

సందులోని రాతి పగులులో ఓబులయ్య అని ఒక ముసలి ఉడుము ఉండేవాడు. పుల్లమ్మ ఆయన దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకుంది.

“పెద్దనాయనా, ఎండలు ముదిరేలోగా నేను ఈ సందులో పట్టాలంటే ఏం చేయాల?” అని అడిగింది.

“నోరు కట్టుకోవాల. దినామూ నడవాల. పది దినాలకోసారి వచ్చి సందులో దూరి చూడు. నేను అవతల పక్క కూచుని, నీ ముక్కు యాడిదాకా వచ్చిందో గోటితో రాతి మీద గీత గీస్తా” అన్నాడు ఓబులయ్య.

పుల్లమ్మ ఆ రోజు నుంచి చిలగడదుంపల చేను వైపు కన్నెత్తి చూడలేదు. చేదు వేర్లు తవ్వుకుని అరకడుపు తినేది. పొద్దున్నే లేచి దూరంగా ఉన్న మోదుగు చెట్టు దాకా నడిచి వచ్చేది. మొదటి నాలుగు రోజులు దాని అవస్థ చూడాలి పిల్లలూ! నడుస్తూ నడుస్తూ కూలబడేది. కడుపు చేసే చప్పుడుకి పక్కనున్న పొదలో కుందేళ్లు ఉలిక్కిపడేవి.

పది రోజులకు వచ్చి దూరింది. మెడ దాటి భుజాలు పట్టాయి. ఇంకో పది రోజులకు ముందుకాళ్లు పట్టాయి. మూడోసారి పక్కటెముకల దాకా లోపలికి పోయింది. ఓబులయ్య మూడో గీత గీసి, ముసిముసిగా నవ్వాడు. పుల్లమ్మ ఆనందం పట్టలేక దారిలో కనబడిన ప్రతి జంతువుకీ తన పక్కటెముకల సంగతి చెప్పింది. వినీ వినీ వాటికి విసుగొచ్చింది.

ఆ తరువాత ఆకులు రాలడం మొదలైంది. ఎండ చురుక్కుమంది. గాలి వీస్తే అడవంతా గలగలమని ఎండుటాకుల చప్పుడు. మైదానం వైపు నుంచి ఒకటి రెండుసార్లు పొగ వాసన కూడా వచ్చింది.

నాలుగోసారి పుల్లమ్మ సందులో దూరింది. ముక్కు మూడో గీత దగ్గరే ఆగింది. సరేలే, ఒక్కోసారి అంతే అనుకుంది. ఇంకా తక్కువ తిన్నది, ఇంకా ఎక్కువ నడిచింది. పది రోజులకు మళ్లీ వచ్చింది. అదే గీత. ఈసారి ఏడుపు దిగమింగుకుని మోదుగు దాకా రోజుకు రెండుసార్లు నడిచింది. మళ్లీ పది రోజులకు వచ్చి దూరింది. ఓబులయ్య కొత్త గీత గీయలేదు. పాత గీత మీదే గోరు ఆనించి ఊరుకున్నాడు.

ముప్పై రోజుల ఆకలి. ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“ఇంక నా వల్ల కాదు పెద్దనాయనా” అంది పుల్లమ్మ. ఆయన ఏదో చెప్పబోతుంటే వినకుండా వెనుదిరిగి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇప్పచెట్లు పూత రాల్చడం మొదలుపెట్టాయి. చెట్టు కింద తెల్లగా, మెత్తగా, తియ్యగా పూలు. వాసనకే నోరూరిపోతుంది. గంగులమ్మ అనే ఎలుగుబంటి అక్కడ కూర్చుని రెండు చేతులా తింటోంది. పుల్లమ్మ ముఖం చూసి జాలిపడింది. పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఎన్నాళ్లని కడుపు మాడ్చుకుంటావు వదినా? ఈ ఏడు నిప్పు వస్తాదని ఎవరు చెప్పినారు? తిను” అంది.

గంగులమ్మ మంచిదే. ప్రేమగానే చెప్పింది. కాకపోతే మంటలొస్తే అది గుట్ట ఎక్కి పోగలదు. పుల్లమ్మకు ఆ సంగతి ఆ పూట తోచలేదు. ఒక పువ్వు తిన్నది. రెండు తిన్నది. ఆ తరువాత లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి గుండెలో గుబులు. నడవాలనుకుంది. ఎలాగూ నిన్న చెడింది కదా, ఇవాళ నడిస్తే ఏమొస్తుంది అనిపించింది. మళ్లీ ఇప్పచెట్టు కిందికే పోయింది. రేపు మొదలుపెడదాం అనుకుంది. ఆ రేపు కూడా పూలే తిన్నది. మీరు బడి ఎగ్గొట్టిన మర్నాడు అయ్యవారి ముఖం చూడలేక ఇంకో రోజు ఎగ్గొడతారు చూడండి, అదీ దాని పరిస్థితి. అలా ఆరు రోజులు గడిచాయి. తింటున్న పూలు తియ్యగానే ఉన్నాయి కానీ పుల్లమ్మకు ఒక్కటీ సహించలేదు. అయినా మానలేకపోయింది.

ఓబులయ్య ఆరు రోజులూ ఎదురుచూసి, ఏడో రోజు మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చాడు. పుల్లమ్మ ఇప్పచెట్టు నీడలో ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. ముళ్లన్నీ వీపు మీదికి ఒదిగి, నున్నగా పడుకుని ఉన్నాయి. ఆయన లేపబోయి ఆగాడు. ఏదో అనుమానం వచ్చింది. తన తోక తిప్పి దాని వీపుకు అడ్డంగా ఆనించి కొలిచాడు. సందు వెడల్పు ఆయనకు తోక మీద ఎంతో తెలుసు. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉంటున్నాడు మరి. నమ్మలేక రెండోసారి కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. సందుకంటే రెండు వేళ్లే ఎక్కువ ఉంది.

ఆ గిలిగింతకు పుల్లమ్మ అదిరిపడి లేచింది. లేవడంతోనే ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. చూస్తుండగానే అది రెండింతలయింది.

“అమ్మీ, సందులో దూరినప్పుడు నువ్వు దేన్ని తలుచుకుంటావు?” అని అడిగాడు ఓబులయ్య.

“పొగ వాసన వచ్చినకాడి నుంచీ నాకు అడవిపందే కండ్ల ముందు కనబడతాంది” అంది పుల్లమ్మ.

“అదీ సంగతి. భయమేస్తే నీ ముండ్లు లేస్తాయి. నీ వీపు నీకు కనబడదు. నేనేమో అవతల కూచుని నీ ముక్కే చూస్తి. ఇద్దరమూ మోసపోతిమి. నువ్వు తగ్గతానే ఉన్నావు. సందులో అడ్డం పడింది నీ ఒళ్లు కాదు, నీ ముండ్లు.”

పుల్లమ్మ తల దించుకుని, తాను ఆరు రోజుల నుంచీ తింటున్నానని చెప్పింది. మళ్లీ మొదటి నుంచి అంత కష్టం పడాలంటే కాళ్లు రావడం లేదంది.

“మొదటి నుంచి ఎవరు రమ్మనిరి? నీకు మిగిలింది రెండు వేళ్లు. ఇంక సందు దగ్గరికి రావద్దు, గీతలు చూడొద్దు. ఈ పొద్దు నడక ఈ పొద్దు నడువు. అంతే నీ పని” అన్నాడు ఓబులయ్య.

పుల్లమ్మకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయినా ఎండ తగ్గగానే లేచింది. గంగులమ్మ పిలుస్తుంటే వినబడనట్టు మోదుగు వైపు నడిచింది. ఆరు రోజుల బద్ధకం కాళ్లకు సంకెళ్లు వేసినట్టుంది. నేరేడు చెట్టు దాకా వెళ్లి ఊపిరి తీసుకుంది. చీమల పుట్ట దాకా వెళ్లి ఇంకోసారి తీసుకుంది. ఆ పూట మోదుగు దాకా పోలేకపోయింది. రెండో రోజు పోయింది. అలా ఎనిమిది రోజులు నడిచింది. సన్నబడ్డానా లేదా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు. నిజం చెప్పాలంటే చూసుకోవాలని ఒళ్లంతా దురద పుట్టేది. ఓర్చుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున మోదుగు దగ్గర ఉండగా గాలి తిరిగింది. మొదట పక్షులు లేచాయి. తరువాత కుందేళ్లు దాన్ని దాటుకుని గుట్ట వైపు పరుగెత్తాయి. వెనక్కి తిరిగి చూస్తే మైదానం అంతా పొగ. పొగ అడుగున ఎర్రగా మంట.

పుల్లమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగు తీసింది. చీమల పుట్ట దాటింది, నేరేడు దాటింది. ఎండుటాకులు వెనకాలే చిటపటమంటున్నాయి. సందు దగ్గరికి వచ్చేసరికి కుందేళ్లు, ముంగిసలు అన్నీ దాటిపోయాయి. మిగిలింది అదొక్కతే.

దూరింది. తల పట్టింది. భుజాలు పట్టాయి. పక్కటెముకలు పట్టాయి. ముక్కు ఎదురుగా మూడో గీత కనబడింది. అంతే, కదల్లేదు. రెండు పక్కలా ముళ్ల మొనలు రాతిని గీరుతున్న చప్పుడు తనకే వినబడుతోంది. వెనక కాళ్లకు సెగ తగులుతోంది.

“పట్టడం లేదు పెద్దనాయనా” అంది.

ఓబులయ్య పారిపోకుండా సందు అవతలి చివరే ఉన్నాడు. నిదానంగా దాని ముక్కు దాకా పాక్కుంటూ వచ్చాడు.

“ఎనక్కి చూడొద్దు. నా కండ్లలోకి చూడు. ఈ పొద్దు ఏ దోవన నడిచినావు?”

“ఇప్పుడా అడిగేది?”

“ఇప్పుడే. చెప్పు. మొదట ఏం వచ్చింది?”

“నేరేడు చెట్టు వచ్చింది. కింద రెండు ఉడతలు కొట్లాడుకుంటాన్నాయి.” చెబుతుంటే ఆ చెట్టు కళ్ల ముందు నిలిచింది. మెడ మీది ముళ్లు కాస్త వాలాయి. జానెడు ముందుకు జరిగింది.

“తరువాత?”

“చీమల పుట్ట. తొక్కకుండా చుట్టు తిరిగి పోతి.” వీపు మీది ముళ్లు ఒదిగాయి. ఇంకో జానెడు జరిగింది. సెగ తోకకు తగిలింది. ముళ్లు మళ్లీ లేవబోయాయి.

“తరువాత, అమ్మీ?”

“మోదుగు. పూలు ఎర్రగా...” ఎరుపు అనగానే మంట గుర్తొచ్చి ముళ్ల మొనలు మళ్లీ రాతిని గీరాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. “ఎర్రగా పూసింది. కింద నీడ ఉంది. చల్లగా ఉంది” అంది.

ముళ్లన్నీ పడుకున్నాయి. కానీ పొట్ట దగ్గర ఇరుక్కుపోయింది. ఇది ముళ్ల పని కాదు. ఇవి ఇప్పపూలు. పుల్లమ్మకు ఆ సంగతి తెలిసింది. ఉన్న ఊపిరంతా వదిలేసి, పొట్ట లోపలికి పీక్కుని, నాలుగు కాళ్లూ రాతికి తన్ని తోసింది. ముళ్లు విరిగాయి. రెండు పక్కలా తోలు లేచింది. ఇంకోసారి తోసింది. మూడో తోపుకు వెళ్లి తడి ఇసుకలో పడింది.

వెనక సందులోంచి పొగ గుప్పుమంది. మంట మాత్రం రాలేదు.

సాయంత్రానికి గంగులమ్మ కమిలిన బొచ్చుతో గుట్ట దిగి వచ్చింది. పుల్లమ్మ పక్కన కూర్చుని దాని పుండ్లు చూసింది. ఓబులయ్య వాగు బురద తెచ్చి పుండ్ల మీద మెత్తుతున్నాడు.

“పెద్దనాయనా, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఇంక నా వల్ల కాదని నేను వెళ్లిపోయినానే, ఆ దినం ముండ్లు అణుచుకుని ఉంటే పట్టేదాన్నా?” అంది పుల్లమ్మ.

ఓబులయ్య బురద మెత్తడం ఆపాడు. ఆరు రోజుల ఇప్పపూలకు ఎంత పెరిగి ఉంటుందో మనసులో లెక్క వేసుకున్నాడు.

“పట్టేదానివి. ఒక్క ముల్లు ఊడకుండా పట్టేదానివి.”

“అయితే నాకు చేతకాలేదని నేను పండుకున్న దినానికి, ఆ పని అయిపోయే ఉన్నింది.”

“అవును అమ్మీ. అయిపోయే ఉన్నింది.”

అంతసేపూ ఒళ్లంతా మండుతున్నా కంటతడి పెట్టని పుల్లమ్మ అప్పుడు ఏడ్చింది.

నీతి: చాలాకాలం పట్టే పనిలో ఫలితం కనబడని రోజులు వస్తాయి. కనబడనంత మాత్రాన పని సాగడం లేదనుకుని మానుకోకూడదు, ఒకవేళ మానుకున్నా మళ్లీ మొదలుపెట్టడానికి సిగ్గుపడకూడదు.